లిఫ్టులో నీళ్ల గ్లాసు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది తండ్రి. ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై ఏడేళ్లుగా అదే పని. వీధిలో చిన్నాపెద్దా అందరూ ‘లిఫ్టాయన’ అనే పిలుస్తారు. సొంత పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తాడని భార్య వేళాకోళం చేస్తుంది.

పనిలో ఆయనకో పట్టింపు ఉంది. లిఫ్టు బాగుచేశాక, దాని నేల మీద అంచుదాకా నీళ్లు పోసిన చిన్న స్టీలు గ్లాసు పెట్టి, అన్ని అంతస్తులూ తనే ఎక్కి దిగుతాడు. ప్రతి అంతస్తులోనూ ఆపుతాడు. చుక్క కూడా కింద పడకపోతేనే తనిఖీ కార్డు మీద సంతకం పెడతాడు. పడిందంటే మళ్లీ మోటారు గదికి ఎక్కాల్సిందే. తోటివాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ అంటాడాయన. కూతురు చిన్నప్పుడు సెలవు రోజుల్లో ఆయన వెంటబడి వెళ్లి, ఆ గ్లాసు పక్కన గొంతుక్కూర్చుని కాపలా కాసేది.

ఆ కూతురికే ఇవాళ పదకొండు గంటలకి నర్సింగు పట్టా ఇస్తున్నారు. పట్టా ఒక్కటే కాదు, రోగుల చార్టులు అందరికన్నా శ్రద్ధగా రాసినందుకు ఒక బహుమతి కూడా. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి లిఫ్టాయన కాళ్లు నేల మీద లేవు. పాలవాడికి చెప్పాడు, బస్సు కండక్టరుకి చెప్పాడు, ఎక్కడో పదో అంతస్తులో లిఫ్టు ఇరుక్కుంటే లోపలున్నవాళ్లని బయటికి తీస్తూ వాళ్లకీ చెప్పాడు.

రెండు సాయంత్రాలు కూర్చుని, ఒక ఖాళీ తనిఖీ కార్డు మీద కూతురి కోసం ఏడు సూత్రాలు రాశాడు. రాసి, కొట్టేసి, మళ్లీ కొత్త కార్డు తీసి రాశాడు.

“పెళ్లయిన కొత్తలో నాకు రెండు వాక్యాల ఉత్తరం రాయడానికి నెల పట్టింది ఈయనకి,” అంది భార్య, బ్రెడ్డు కాలుస్తూ. “ఇవాళ చూడు, ఏకంగా గ్రంథమే రాశారు.”

“నవ్వింది చాల్లే. పిల్లని పిలువు.”

కూతురు వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నల్ల గౌను ఇస్త్రీ చేసి కుర్చీ వీపుకి వేసి ఉంది. దానివైపు చూడలేదు. కళ్ల కింద నలుపు. రాత్రి ఆనందంతో నిద్రపట్టలేదేమో అనుకున్నాడు తండ్రి. ఆయన ఆ రోజంతా అన్నీ ఆనందంగానే చూడాలని నిర్ణయించుకున్నాడు.

గొంతు సవరించుకుని కార్డు ఎత్తి పట్టుకున్నాడు. “ఒకటి. చూడనిది చూశానని రాయకు. చేయని పనికి సంతకం పెట్టకు.”

కూతురి చేతిలో బ్రెడ్డు ముక్క నోటిదాకా వెళ్లి ఆగింది.

“రెండు. తెలియకపోతే తెలియదని చెప్పు. మూడు. ఆకలి మీద ఉన్నప్పుడు ఎవరికీ జవాబు చెప్పకు. ఇది మీ అమ్మని చూసి నేర్చుకున్నాను.”

“నన్ను చూసి నేర్చుకోవడానికి అదొక్కటే దొరికిందా?” అంది తల్లి.

“నాన్నా, చాలు.”

“ఇంకా నాలుగున్నాయమ్మా.”

“చాలన్నాను కదా!” కూతురు ముక్కని పళ్లెంలో పడేసింది. “నేను రావట్లేదు. ఆ పట్టా నాకొద్దు, బహుమతి అసలే వద్దు.”

తండ్రి కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఏమైంది? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సినవాళ్లకి తెలిస్తే కదా అనడానికి.”

ముందు నీళ్లు నమిలింది. తర్వాత ఒక్కసారిగా మొత్తం చెప్పేసింది. ఇరవై రెండు రోజుల కిందట, వార్డులో ఆఖరి నెల. ఆరో బెడ్డు మీద ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన. గంట గంటకీ ఆయన నాడీ, రక్తపోటూ చూసి చార్టులో రాయాలి. సాయంత్రం నాలుగింటికి పక్క గదిలో ఒకావిడ వాంతులు చేసుకుంటుంటే, ఆవిడని పట్టుకుని నిలబడిపోయింది. తిరిగి వచ్చేసరికి నాలుగున్నర. పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రలో ఉన్నాడనుకుంది. చార్టులో నాలుగు గంటల గడి ఖాళీగా కనిపించింది. మూడు గంటల అంకెల్ని అటూ ఇటూ కొంచెం మార్చి, అందులో రాసేసింది.

“ఐదింటికి పెద్ద సిస్టర్ వచ్చి చెయ్యి పట్టుకుంటే నాడి అందట్లేదు నాన్నా. లోపల రక్తం కారుతోందట. పరుగులు పెట్టి ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. బతికాడు. పదిహేను రోజులుండి ఇంటికెళ్లాడు. వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, బాగా చూసుకున్నావమ్మా అన్నాడు.” ఆమె పళ్లెం పక్కకి తోసింది. “ఆ చార్టుకే బహుమతి. ఒక్క గడి కూడా ఖాళీ లేదట.”

పొయ్యి మీద బ్రెడ్డు మాడిన వాసన వచ్చింది.

లిఫ్టాయన లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. “నా కూతురివేనా నువ్వు? చిన్నప్పటి నుంచీ చెవినిల్లు కట్టుకుని చెప్పానే! ఒక మనిషి ప్రాణం, నీ చేతిలో పెట్టిన ప్రాణం! ఇరవై రెండు రోజులు ఈ బల్ల దగ్గరే కూర్చుని నాతో తిన్నావు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా?”

“చెబితే ఇదే కదా జరిగేది!” కూతురూ లేచింది. “రోజూ అనుకున్నాను చెబుదామని. గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు అనుకునేదాన్ని. నువ్వేమో ఆ గ్లాసు తుడుచుకుంటూ, ఇవాళ కూడా చుక్క పడలేదు అనేవాడివి. ఎలా చెప్పను? ఎప్పుడూ తప్పు చేయని మనిషికి తప్పు చేశానని ఎలా చెబుతారు నాన్నా?”

ఆయన కళ్లద్దాలు బల్ల మీద పెట్టాడు.

భార్య పొయ్యి కట్టేసి, మాడిన బ్రెడ్డు పక్కన పడేసి వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది. “ఇప్పుడైనా చెప్పండి,” అంది మామూలుగా. “గ్లాసు సంగతి.”

“ఇప్పుడా?”

“మరెప్పుడు? ఇరవై మూడేళ్లుగా నా ఒక్కదానికే చెప్పి దాచారు. పిల్ల మిమ్మల్ని దేవుణ్ణి చేసి కూర్చుంది. దేవుడి దగ్గర కోరికలైతే కోరుకుంటారు గానీ కష్టం చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి కావాలి.”

లిఫ్టాయన కుర్చీలో కూలబడ్డాడు. చేతిలోని కార్డుని బోర్లించి, మాట్లాడటం మొదలుపెట్టాడు.

“నువ్వు పుట్టబోయే నెల. నేను పనిలో చేరి నాలుగేళ్లయింది. ఐదంతస్తుల ఆఫీసు ఒకటి. ఆ రోజు వాన. కింద టీ కొట్లోనే కూర్చుని, పైకెక్కకుండా కార్డు మీద ‘తనిఖీ చేశాను, బాగుంది’ అని రాసి సంతకం పెట్టాను. అంతకుముందు నెల బాగానే ఉంది కదా అని. బ్రేకు అరిగిపోయి ఉంది. మర్నాడు లిఫ్టు గుంజి ఆగింది. మెట్లు తుడిచే ఆవిడ బకెట్టుతో సహా లోపల పడిపోయింది. మణికట్టు విరిగింది.”

కూతురు మెల్లగా కూర్చుంది.

“అందరూ ఏమన్నారో తెలుసా? తన బకెట్టులో నీళ్లే ఒలికి జారిపడింది, చూసుకుని నడవద్దూ అన్నారు. ఆవిడ కూడా అదే నమ్మింది. నేను రాత్రికి రాత్రే బ్రేకు మార్చేసి నోరు మూసుకున్నాను. తొమ్మిది రోజులు.” ఆయన కార్డుని బల్ల అంచుకి జరిపాడు. “సంతకం పెట్టడానికి క్షణం పట్టింది. దానికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను. ఆ తొమ్మిది రోజులకి మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.”

“తర్వాత?”

“పదో రోజు వాళ్లింటికెళ్లాను. గుమ్మంలో నిలబడితే నాలుక పిడచకట్టుకుపోయి మాట రాలేదు. ఆవిడ నన్ను చూసి, కట్టు కట్టిన చెయ్యి పక్కన పెట్టుకుని, రెండో చేత్తో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నా సంచిలో ఉండే ఈ గ్లాసుతోనే. తాగి, చెప్పాను. చాలా తిట్టింది. తిట్టి తిట్టి ఏడ్చింది. నా తప్పు కాదన్నమాట, అంది చివరికి. ఆ మాట వినడానికే తొమ్మిది రోజులు ఎదురుచూసినట్టు అంది. మర్నాడు కంపెనీలో చెప్పాను. మూడు నెలలు పనిలోకి రానివ్వలేదు. తిరిగి చేరిన రోజు ఆవిడ దగ్గరికెళ్లి గ్లాసు అడిగి తెచ్చుకున్నాను.”

కూతురి కళ్లు నిండి, కన్నీళ్లు బల్ల మీదకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. “ఆ గ్లాసు మెకానిక్‌లందరికీ ఇస్తారేమో అనుకున్నాను నాన్నా నేను, చిన్నప్పుడు.”

“అలా అనుకోనిచ్చాను. అదే నేను చేసింది.” ఆయన కార్డు తిప్పి, కలం తీసి, మొదటి సూత్రానికి పైన మిగిలిన కాస్త చోటులో రెండు వరుసలు ఇరికించి రాశాడు. కార్డుని ఆమె వైపు తోశాడు.

‘తప్పు జరిగితే ఆ రోజే ఇంటికొచ్చి చెప్పు’ అని ఉంది మొదటి వరుస. ‘చెప్పినప్పుడు అరవను. ఇది నాకు’ అని ఉంది రెండోది.

“ఇందాక అరిచావు,” అంది కూతురు, ఏడుపులోనే.

“అప్పటికి రాయలేదు కదా,” అన్నాడాయన. ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“ఇప్పుడేం చేస్తావు?” అంది తల్లి.

కూతురు ముఖం కడుక్కుని వచ్చి, గౌను చేతి మీద వేసుకుంది. “పెద్ద సిస్టర్ తొమ్మిదింటికే వస్తారు.”

ఆస్పత్రి వసారాలో తల్లీ తండ్రీ బెంచీ మీద కూర్చున్నారు. పెద్ద సిస్టర్ గది తలుపు సందులోంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి. ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది లిఫ్టాయనకి.

“ఖాళీ గడి చూసుంటే నేను పరుగెత్తుకొచ్చేదాన్ని,” అంటోంది ఆవిడ. “ఎందుకు చూడలేదని నిన్ను తిట్టేదాన్ని, కానీ ఆయన చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. నువ్వు నింపావు కాబట్టి నేను పక్క బెడ్డుకి వెళ్లిపోయాను. అరగంట పోయింది. అర్థమవుతోందా?”

“అవుతోంది మేడమ్.”

బయటికొచ్చేసరికి కూతురి పెదవులు పాలిపోయి ఉన్నాయి. బహుమతి లేదు. పట్టా ఇస్తారు గానీ, ఇంకో రెండు నెలలు పెద్ద సిస్టర్ కళ్లెదుటే వార్డులో పనిచేశాకే ఉద్యోగానికి సిఫార్సు చేస్తారు. “ఇంకొకటి,” అంది. “ఆరో బెడ్డు పెద్దాయనకి నేనే చెప్పాలట. ఫోన్లో కుదరదు, ఎదురుగా వెళ్లి చెప్పమన్నారు. ఆస్పత్రి తరపున పెద్ద సిస్టర్ కూడా రేపు వెళ్లి మాట్లాడతారట.”

పదకొండింటికి హాల్లో అందరి పేర్లూ పిలిచారు. కూతురి పేరూ పిలిచారు. చార్టుల బహుమతి వేరే అమ్మాయికి ఇచ్చారు. వెనక వరుసలోంచి చప్పట్లు కొడుతూ లిఫ్టాయన, పాలవాడికీ కండక్టరుకీ ఇప్పుడేం చెప్పాలా అని ఆలోచించాడు. జరిగిందే చెబుదామనుకున్నాక చేతులు తేలికపడ్డాయి. తల్లి మాత్రం మధ్యలో చప్పట్లు ఆపి, పైటతో కళ్లు ఒత్తుకుంది.

హాల్లోంచి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్లారు. ఇల్లు నాలుగో అంతస్తులో. తల్లి కింద వరండాలో ఆగిపోయింది. తండ్రీ కూతురూ లిఫ్టు ఎక్కారు. తలుపులు మూసుకోగానే ఆయన సంచిలోంచి గ్లాసు తీసి, సీసాలోని నీళ్లు అంచుదాకా పోశాడు.

“ఇప్పుడు కూడానా నాన్నా?”

“చెయ్యి ఊరుకోదమ్మా.”

“ఇలా ఇవ్వు.” కూతురు గ్లాసు తీసుకుంది. ఒకటో అంతస్తు దాటేలోపే నీళ్లు తొణికి గౌను చేతి మీద పడ్డాయి. మళ్లీ పడ్డాయి. “ఈ లిఫ్టు బాగాలేదు,” అంది.

“నేల మీద పెట్టి చూడు.”

వంగి పెట్టింది. చిన్నప్పటిలాగే పక్కన గొంతుక్కూర్చుంది. రెండో అంతస్తు, మూడో అంతస్తు. గ్లాసులో నీళ్లు కదల్లేదు.

“లిఫ్టు బాగానే ఉంది,” అన్నాడు తండ్రి. “వణుకు నీ చేతిలో ఉంది. ఏం ఫర్వాలేదు. నేనూ వణుకుతూనే వెళ్లాను.”

నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. “నన్ను రమ్మంటావా?”

“వద్దు నాన్నా. ఇక్కడే ఉండు. వెళ్లిపోకు.”

“ఎక్కడికి పోతాను?” ఆయన గ్లాసు ఎత్తి ఆమెకిచ్చాడు. “తాగి వెళ్లు. నోరు ఎండిపోతుంది.”

గడగడా తాగేసి, గ్లాసు తిరిగిచ్చి, గౌను సర్దుకుని వెళ్లి బెల్లు నొక్కింది. లోపల చెప్పుల చప్పుడు, గొళ్లెం తీసిన చప్పుడు.

“అరె, నర్సమ్మా!” అంది ముసలి గొంతు సంతోషంగా. “పట్టా వచ్చేసిందన్నమాట! రా రా, లోపలికి రా.”

“వస్తాను తాతగారూ. ముందు మీకొక మాట చెప్పాలి. విన్నాక, మీరు రమ్మంటే వస్తాను.”

లిఫ్టాయన మెట్ల మీద కూర్చున్నాడు. కూతురి గొంతు మొదట వణికింది. నాలుగు గంటల గడి దగ్గరికి వచ్చేసరికి నిలదొక్కుకుంది. ఖాళీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఆయన చివరిదాకా విన్నాడు.