మారుమనిషి పిలుపులు

ఆ రాత్రి సువర్చల హాయిగా నిద్రపోతూనే లిమాలో ఇద్దరిని ఉద్యోగంలోకి తీసుకుంది, నైరోబీలో ఒక తగువు తీర్చింది, హెల్సింకీలో సెలవుల నిబంధన మార్పించింది. తెల్లారి కాఫీ కలుపుకుంటుంటే చెవిపూసలోంచి ఆ సంగతులన్నీ ఆమె గొంతుతోనే ఆమెకి వినిపించాయి.

"పనులయ్యాయి కదా, చాలు. లాంఛనాలు నాకు చెప్పకు," అంది సువర్చల, రోజూ అనే మాటే.

చెవిలో మాట్లాడేది ఆమె మారుమనిషి, ఆమెకి బదులు మసిలే యంత్రం. ఆ కాలంలో ఉద్యోగం చేసే ప్రతివాళ్ళకీ ఒకటుండేది. మనిషి మాటతీరూ, ఇష్టాయిష్టాలూ, మొహమాటాలూ అన్నీ నేర్చుకుని, ఆ మనిషి పడుకున్నాక పైదేశాల మారుమనుషులతో కూర్చుని పనులు చక్కబెట్టుకొచ్చేది. అది ఇచ్చిన మాట మనిషి ఇచ్చిన మాటే. సెలవు దానంతటదే మంజూరయ్యేది, విమానంలో సీటు ఖాయమయ్యేది. ఇంత సుఖం మరిగాక ఎవరు మాత్రం నిద్ర చెడగొట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళతో ముచ్చట్లు పెడతారు? సముద్రంలో గాలిమరలు నిలబెట్టే కంపెనీలో నియామకాల గుమస్తాగా చేరిన సువర్చల, కాకినాడ పొలిమేర దాటకుండానే తొమ్మిది దేశాల సిబ్బందికి అధికారిణి అయింది. ఆ తొమ్మిది దేశాల్లో ఒక్క మనిషిని కూడా ఎదురుగా చూసి ఎరగదు.

ఇప్పుడు మొత్తం కంపెనీకి సిబ్బంది అధిపతి కుర్చీ ఖాళీ అయింది. పదిహేనేళ్ళుగా సువర్చల కన్నేసి ఉంచిన కుర్చీ. అది ఎవరికివ్వాలో తేల్చేది ఫిన్లాండులో ఉండే ఐలా అనే పెద్దావిడ. తీర్పు ఆ వారమే రావాలి. సువర్చల కొత్త ఇంటి గృహప్రవేశం ముహూర్తం కూడా సరిగ్గా ఆ వారమే, అందునా ఆ పొద్దుటే కుదిరింది.

"ఏమే సువర్చలా! పాలు పొయ్యి మీద పెట్టాను. ఈ ఇంటి ఇల్లాలివి నువ్వా, నీ చెవిలోదా?" అని వంటింట్లోంచి అత్తగారు కనకరత్నమ్మ కేకేసింది. ఆవిడ చెవిపూస పెట్టుకోదు. మనిషన్నాక నోటితో మాట్లాడి చెవులతో వినాలంటుంది.

"వస్తున్నానండి అత్తయ్యా!"

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. అందరూ చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే వీధిగుమ్మం దగ్గర సందడి మొదలైంది.

తలుపు తీస్తే ఎదురుగా పొడుగాటి నల్లటి మనిషి. చేతిలో టీ పొడి డబ్బా. అతని వెనక రంగురంగుల శాలువాలో పాపని వీపున కట్టుకున్న అమ్మాయి. ఆ వెనక వీధిలో బస్సు ఆగి ఉంది, అందులోంచి ఇంకా దిగుతూనే ఉన్నారు.

"నేను వంజోహినండి, నైరోబీ నుంచి," అన్నాడతను. చెవిపూస ఆ మాటలను తెలుగు చేసి వినిపించింది. "ఆలస్యమైందా? పాలు పొంగకముందే రావాలని మరీ మరీ చెప్పారు మీరు. ఈమె లిమా రొసార్యో. దారిలో కలిశాం."

సువర్చల తలుపు పట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది. వంజోహి! నిరుడు పని సరిగ్గా లేదని ఆమె మారుమనిషి గట్టిగా హెచ్చరించిన వంజోహి! అతను నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అందరికంటే చివర, చీర కట్టలేక కట్టుకుని, కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని దిగినావిడని చూసి మాత్రం సువర్చల రెండడుగులు వెనక్కి వేసింది. ఫోటోలో చూసిన మొహమే. ఆవిడ ఐలా.

'అయిపోయింది. నా కొంప మునిగింది,' అనుకుని గబగబా పెరట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మారుమనిషి మీద విరుచుకుపడింది.

"వీళ్ళనెవరు పిలవమన్నారు నిన్ను?"

"మీరే. కొత్త ఇంటి మాట వచ్చినప్పుడల్లా, అందరూ వస్తే ఎంత బాగుంటుందో అని నాతో అన్నారు."

"ఏదో మాటవరసకి అంటాం! అది లాంఛనమని తెలీదూ?"

"లాంఛనమేమోనని ప్రతిసారీ మీ నాడి చూశాను. మనిషి మాటవరసకి అన్నప్పుడు నాడి ఒకలా ఉంటుంది. మీది అలా లేదు. అందుకే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. లాంఛనాలు చెప్పవద్దన్నారని మీకు చెప్పలేదు."

సువర్చల పంపు దగ్గర అలాగే నిలబడిపోయింది. నిజమే. పొద్దస్తమానం వీళ్ళ జీతాలూ, జ్వరాలూ, పిల్లల చదువులూ తలకెత్తుకుని తిరిగింది తను. రొసార్యో ప్రసవమప్పుడు పనిగట్టుకుని సెలవు పెంచింది. ఆ పాపని ఎత్తుకోవాలని అప్పుడే అనిపించింది. ఎవరితోనూ అనలేదు.

తిరిగొచ్చేసరికి ఐలా ఇంకా గుమ్మం బయటే ఉంది.

"సువర్చలగారూ, నాకు పిలుపు వచ్చింది. నన్నొక్కదాన్నే పిలిచారనుకుని వచ్చాను. బస్సులో వీళ్ళందరినీ చూశాక అధికారిణిగా అడగక తప్పదు. రేపు తగువొస్తే తీర్పు చెప్పాల్సినవాళ్ళం మనం. మన కింద పనిచేసేవాళ్ళతో ఇంటి సంబంధాలు పెట్టుకోకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. మీకు తెలియకుండా మీ మారుమనిషి పిలిచిందంటే యంత్రదోషమని రాసుకుంటాను. దాన్ని చెరిపేసి కొత్తది ఇస్తారు. కుర్చీ మీదే. మీరే పిలిచారంటే మాత్రం కుర్చీ ఇవ్వలేను."

ఆ మాటలు అందరి చెవిపూసల్లోనూ ఎవరి భాషలో వాళ్ళకి పడ్డాయి. నవ్వులు ఆగిపోయాయి. వంజోహి టీ పొడి డబ్బా ఇవ్వాలో, వెనక్కి తీసుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఏంటే, ఆవిడేమడుగుతోంది?" అంది కనకరత్నమ్మ.

"వీళ్ళని నేనే పిలిచానా అని అడుగుతున్నారు అత్తయ్యా."

"బాగుంది వరస! పిలవకుండానే ఇంత దూరం వస్తారా ఎవరైనా? గుమ్మంలో నిలబెట్టి ఆ ప్రశ్నలేంటమ్మా? ముందు లోపలికి రమ్మను."

సువర్చల వంజోహి వంక చూసింది. అబద్ధమాడితే కుర్చీ వస్తుంది. అతను ఆ డబ్బాతోనే వెనక్కి వెళ్తాడు. ముందుకెళ్ళి ఆ డబ్బా అందుకుంది.

"నేనే పిలిచానండీ. వీళ్ళంతా మావాళ్ళు."

కనకరత్నమ్మ కుంకుమభరిణె తెచ్చి ఐలాకి బొట్టు పెట్టి, జారిపోతున్న కుచ్చెళ్ళు సరిచేసి, చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. అప్పటికప్పుడు ఇంకో డేగిసా అన్నం పడింది. వంజోహి చింతపండు పిసికాడు. రొసార్యో పాపని సువర్చల చంకనేసుకుని వడ్డించింది.

భోజనాల దగ్గర ఐలా మెల్లగా అంది. "నియమం నియమమేనండీ. కుర్చీ ఇంకొకరికి వెళ్తుంది. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరి బతుకులనో చక్కదిద్దాను. ఒక్కరూ నన్ను ఇంటికి రమ్మనలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుని ఆకు ముందుకు జరిపింది. "ఆ పులిహోర ఇంకాస్త వడ్డించండి."

సువర్చలకి బాధ లేదంటే అబద్ధం. ఆ సాయంత్రం బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యూపి వచ్చి, పదిహేనేళ్ళ ఆశ కదా, కాసేపు గదిలో కూర్చుని ఏడ్చింది కూడా. కనకరత్నమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది.

అందరూ ఎవరి దేశాలకి వాళ్ళు చేరుకున్న మర్నాడు, ఎప్పటిలాగే కాఫీ కలుపుకుంటూ చెవిపూస పెట్టుకుంది.

"రాత్రి పనేమీ జరగలేదు," అంది మారుమనిషి.

"ఏం, చెడిపోయావా?"

"లేదు. అందరి దగ్గరికీ వెళ్ళాను. నాతో మాట్లాడబోమన్నారు. వాళ్ళ మారుమనుషులని కూడా పక్కన పెట్టేశారు. మీరు నిద్ర లేచేదాకా ఆగుతారట."

సువర్చల చెంచా పక్కన పెట్టేసింది.

"ఎవరున్నారిప్పుడు?"

"వంజోహి. వాళ్ళకింకా తెల్లవారలేదు. టీ పెట్టుకుని మీకోసం కూర్చున్నాడు."