లైన్ మీద నిశ్శబ్దం

ఉదయం తొమ్మిదిన్నరకు ఆ భూగర్భ శాస్త్రవేత్త ఒక రాయిని నాకాడు. తొమ్మిదీ ముప్పై నాలుగుకు చచ్చిపోయాడు.

రాయిని నాకడం పిచ్చి కాదు, వృత్తి. డ్రిల్లింగ్ మెషిన్ నేల లోపలి నుంచి చేతికర్రంత లావున్న రాతి కడ్డీలను పైకి తీస్తుంది. వాటినే కోర్ అంటారు. ఎండిన కోర్ నోరు విప్పదు. తడిపితేనే పొరలు కనిపిస్తాయి. ఇంకా అనుమానంగా ఉంటే ఒక పలుకు పంటికింద వేసుకుంటారు. కరకరలాడితే ఒండ్రు, మెత్తగా జారితే బంకమన్ను. పన్నెండేళ్లుగా ఆయన ఒకే ఒక్క లోయ మీద పరిశోధన చేశాడు. గ్రావిటీ, మాగ్నెటిక్, సైస్మిక్... ఆ లోయకు ఆయన తీయని ఎక్స్‌రే లేదు, ఆయన రుచి చూడని పొర లేదు. ఆ అలవాటు తెలిసిన వాడెవడో పదిహేడో బాక్స్‌లోని కోర్‌కు విషం పూశాడు. అన్నం పెట్టిన నాలుకే ఆయన ప్రాణం తీసింది.

“హార్ట్ ఎటాక్ అని రాశారు,” అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. చీఫ్ కళ్లజోడు ఎగిరి ఫైలు మీద పడింది.

“మా బావ రోజూ కొండలెక్కే మనిషి సార్. ఆయనది గుండె కాదు, గుండ్రాయి!”

“ఉరుము ఉరిమి మంగళం మీద పడిందట. మధ్యలో నా టేబుల్ ఏం చేసిందయ్యా?”

ఆఫీసులో అందరూ అతన్ని ఉరుము అనే పిలుస్తారు. అతను వస్తున్నాడంటే మూడు గదుల అవతలికి తెలిసిపోతుంది. ఇరవై మూడు మిషన్లలో ఆరు చెడిపోయాయంటే కారణం అతని అడుగుల చప్పుడే. శత్రువు ముందే విని గోడ దూకేశాడు.

“చచ్చిపోయినప్పుడు ఆయన గుప్పిట్లో రాతి ముక్క ఉంది,” అన్నాడు ఉరుము. “ఆసుపత్రి వాళ్లు దాన్ని అక్కకిచ్చారు. అక్క నాకిచ్చింది. నేను మన ల్యాబ్‌కిచ్చాను. ఇదిగో రిపోర్ట్. విషం.”

చీఫ్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. ఈసారి కళ్లజోడు తనే తీసి పక్కన పెట్టాడు.

“చావుకు ముందు రోజు మీ బావ నీతో మాట్లాడాడా?”

ఉరుము తల వంచుకున్నాడు. మాట్లాడాడు. ‘బామ్మర్దీ, కాగితం మీద ఆరు మీటర్ల గోతులు. పైకొస్తున్న నల్లరాయేమో నలభై మీటర్ల కింది పొర. నీకేమైనా అర్థమవుతోందా?’ అని అడిగాడు. ‘నీ రాళ్ల గోల రేపు వింటాలే బావా,’ అని ఇతను ఫోన్ పెట్టేశాడు. ఆ రేపు ఉదయమే బావ లేడు. అప్పట్నుంచీ ఉరుముకు లోకం మీద ఎంత కోపంగా ఉందో తన మీద అంతకు రెట్టింపు కోపంగా ఉంది.

“అక్కడ సైస్మిక్ సర్వే జరుగుతోంది,” అన్నాడు చీఫ్. “నలభై షాట్‌హోల్స్. ఒక్కో గోతిలో రెండు కిలోల మందు పెట్టి పేలుస్తారు. ఆ కంపనాన్ని మూడు కిలోమీటర్ల పొడవునా పాతిన జియోఫోన్లు వింటాయి. నడిపేవాడు విదేశీ కన్సల్టెంట్. వాడి వెనక ముఠా ఉందని మనకు తెలుసు, సాక్ష్యం లేదు. పైవాళ్లకు వాడు గౌరవ అతిథి. షాట్ ఎల్లుండి పదకొండింటికి.”

“లోపల మనవాళ్లు?”

“ఒకరున్నారు. పది రోజులుగా కబురు లేదు. మనవైపు ఉన్నారో అటు దూకారో తెలియదు. కోడ్ గుర్తుపెట్టుకో. ఈ రాయి వయసెంత? అని అడిగితే, అడిగినవాడి కంటే ఎక్కువే అనాలి.” చీఫ్ సొరుగులోంచి ఒక బూట్ల జత తీశాడు. “ఇవి నీ కోసమే చేయించాను. స్పెషల్ స్పాంజి సోల్. ఏనుగు తొడుక్కున్నా చప్పుడు రాదు. వాడాక తిరిగివ్వాలి. ఇక్కడ సంతకం పెట్టు.”

బయల్దేరే ముందు ఉరుము అక్క ఇంటికెళ్లాడు. ఆమె ఆ లోయలోని ఆనకట్ట కింది ఊళ్లో హెడ్‌మిస్ట్రెస్. భర్త పోయిన నాలుగో రోజే స్కూలుకు తయారవుతోంది.

“సెలవు పెట్టొచ్చు కదక్కా?”

“పెట్టి ఏం చెయ్యను? ఆయన బూట్లకంటిన మట్టి చూస్తూ కూర్చోనా?” జడ ముడేసుకుంటూ వెనక్కి తిరిగింది. “ఎవరు చేశారో పట్టుకో. పట్టుకునేదాకా నా గుమ్మం తొక్కకు.”

ఆమె ఏడ్చి ఉంటే అతను ఓదార్చి ఉండేవాడు. ఏడవలేదు. అతను మెట్లు దిగాడు.

షాట్ రోజు ఉదయం పదిన్నరకు సర్వే క్యాంపులో కొత్త జియాలజిస్ట్ దిగాడు. నెరిసిన గడ్డం, మెడలో భూతద్దం, దాంట్లో బటాణీ గింజంత కెమెరా, నడుముకు సుత్తి. చప్పుడు చేయని బూట్లు. గేటు దగ్గర అందరిలాగే అతని ఫోన్ కూడా తీసి డబ్బాలో వేసుకున్నారు. సర్వేకి డిస్టర్బెన్స్ అట.

కోర్ షెడ్‌లో ఇద్దరున్నారు. ఒకరు కన్సల్టెంట్. పచ్చటి మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, పుస్తకాల్లో నేర్చుకున్న భాష. రెండోది రికార్డింగ్ ట్రక్ చూసుకునే జియోఫిజిసిస్ట్. ఎర్రటి లిప్‌స్టిక్, నల్లకళ్లద్దాలు, అంత బురదలోనూ మెరిసే బూట్లు. క్యాంపులో అందరూ మేడమ్ అంటారు. కన్సల్టెంట్ ఎక్కడుంటే ఆమె అక్కడే. బావ చనిపోయిన పూటా ఇక్కడే ఉందట. ఆ నవ్వు చూస్తే ఉరుముకు ఒళ్లు మండిపోయింది.

“పదిహేడో బాక్స్‌లో తగ్గిన ముక్క దొరికింది,” అంటూ అతను ఒక నల్లరాయిని చాచాడు. నిజానికి అది పక్క బాక్స్‌లోంచి అప్పుడే తీసిన ముక్క. “పోయినాయన గుప్పిట్లో ఉందట. ఒండ్రో బంకమన్నో నాకు తేలడం లేదు. మీరు కాస్త పంటితో చూసి చెప్తారా?”

కన్సల్టెంట్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“నేను ముప్పది సంవత్సరముల నుండి శిలలతో సహవాసము చేయుచున్నాను. నాకు దంతములతో పనిలేదు.” జేబురుమాలు తీసి, ముట్టుకోని చేతులు తుడుచుకున్నాడు.

మేడమ్ మాత్రం ఆ ముక్క అందుకుంది. నాలుక మీద పెట్టుకుంది. కొస కొరికింది. ఆలోచించింది.

“ఒండ్రు,” అంది. రాయి మీద ఎర్రటి పెదవుల గుర్తు పడింది. “ఈ రాయి వయసెంతంటారు?”

ఉరుము ఆ పెదవుల గుర్తుకేసి చూశాడు. విషం సంగతి తెలిసిన వాడెవడూ ఆ ముక్క ముట్టడు. ఆమె ముట్టింది. అంటే బావ చావులో ఆమె చెయ్యి లేదు.

“అడిగినవాడి కంటే ఎక్కువే,” అన్నాడు.

ఆ వింత ప్రశ్న, దానికి ఆ వింత జవాబు వినేసరికి కన్సల్టెంట్‌కూ సంగతి తెలిసిపోయింది. మేడమ్‌ను ఒక్క తోపు తోసి పిస్టల్ తీశాడు. ఉరుము సుత్తి విసిరాడు. పిస్టల్ ఒకవైపు, మనిషి ఒకవైపు పడ్డారు. ఉరుము వాడి గొంతు మీద మోకాలు పెట్టాడు.

“నొక్కుము,” అన్నాడు వాడు, రక్తం కారుతున్న పళ్లతో నవ్వుతూ. “పదకొండు గంటలకు అంతయూ ముగియును.”

మేడమ్ చీలమండ పట్టుకుని లేవలేక కూర్చుంది. “ఈ పొద్దున్నే చూశాను. ఫోన్లు లేవు, చెప్పడానికి దారి లేదు. గోతికి రెండు కిలోలు కాదు, నాలుగొందల కిలోలు! అందుకే ఆరు మీటర్లని రాసి నలభై మీటర్లు తవ్వారు. ఆనకట్ట ఎడమ కొస కిందుగా భూమిలో ఒక పగులు పోతుంది, పోయిన జియాలజిస్ట్ కనిపెట్టిందే. నలభై గోతులూ దాని మీదే తవ్వారు. ఆనకట్ట కూలుతుంది. భూకంపం అంటారు. ఊరు ఖాళీ అవుతుంది. ఊరి కింద ఖనిజం ఉందని ఆయన మ్యాపులే చెప్తున్నాయి. వీళ్ల లీజు కాగితాలు రెడీగా ఉన్నాయి.”

పదీ యాభై ఒకటి. ఆనకట్ట కింద ఊరు. ఊళ్లో స్కూలు. స్కూల్లో మూడొందల మంది పిల్లలూ, అక్కా.

“వైరు కోసేస్తే?”

“కోస్తే వెంటనే పేలుతుంది. ట్రక్ లాక్ చేశాడు, మెషిన్ ఆటోమేటిక్‌లో ఉంది. ఒక్కటే దారి. సర్వే షాట్ అని చూపించడానికి వాడికి క్లీన్ రికార్డ్ కావాలి. అందుకే జియోఫోన్లు పాతిన లైన్ మీద వరుసగా అరవై సెకన్లు నిశ్శబ్దం ఉంటేనే పేల్చమని పెట్టాడు. మనిషి నడిచినా జియోఫోన్ వింటుంది. కౌంట్ మళ్లీ అరవైకి వెళ్తుంది.” ఆమె వాకీటాకీ ఒకటి అతనికి విసిరింది. “లైన్ మీదికి పరిగెత్తండి. చప్పుడు చెయ్యండి!”

పుట్టిన తర్వాత మొదటిసారి ఒక మనిషి ఉరుమును చప్పుడు చెయ్యమంది. కన్సల్టెంట్‌ను అక్కడే స్తంభానికి కట్టేసి అతను పరిగెత్తాడు.

లైన్ చేరేసరికి పదకొండు. స్పీకర్లో టేపు మోగింది. “సైలెన్స్ ఆన్ ది లైన్.” జియోఫోన్లు పాతే అరవై మంది పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడిపోయారు. కదిలితే కూలి కోత అని మూడు నెలలుగా కన్సల్టెంట్ పెట్టిన అలవాటు అది.

“గెంతండి! అందరూ గెంతండి!” అరిచాడు ఉరుము.

అరవై మందీ నోటి మీద వేలు పెట్టుకుని, “ష్‌ష్...” అన్నారు.

“నలభై,” అంది వాకీటాకీలో మేడమ్, ట్రక్ దాకా కుంటుకుంటూ వెళ్లి, వెలుపలి డిస్‌ప్లే చూస్తూ.

ఉరుము ఎగిరి దూకాడు. మళ్లీ దూకాడు. నేలను తన్నాడు.

“ముప్పై. ఏం చేస్తున్నారక్కడ?”

“గెంతుతున్నా!”

“మెషిన్‌కు వినబడటం లేదు! ఇరవై రెండు!”

అతను కాళ్లకేసి చూసుకున్నాడు. స్పాంజి సోల్. ఏనుగు తొడుక్కున్నా చప్పుడు రాదు. చీఫ్‌ను నోటికొచ్చినట్టు తిడుతూ లేసులు లాగాడు. ఒకటి ఊడింది. రెండోది పీటముడి పడింది.

“ఎనిమిది... ఏడు...”

పంటితో కొరికాడు. బూటు ఎగిరి అవతల పడింది.

“మూడు... రెండు...”

ఉత్తకాళ్లతో, నూట పది కిలోల మనిషి, నేల మీద దిగాడు.

“అరవై!” మేడమ్ అరిచింది. “ఆపకండి!”

అతను ఆపలేదు. ఆపడం తన చేతుల్లో లేదు. “ఇది మా బావకి!” దబ్. “ఇది హార్ట్ ఎటాక్ అని రాసిన వెధవకి!” దబ్. “ఇది వాణ్ని అతిథి అన్నవాళ్లకి!” దబ్. “ఇది, రేపు వింటానన్న నాకు!” ఆ దెబ్బకు మడమ చిట్లింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కాడు.

పనివాళ్ల మేస్త్రీ కాసేపు చూశాడు.

“సార్‌కి ఎవరి మీదో చాలా కోపంగా ఉందిరా,” అన్నాడు. “మనకు మాత్రం లేదేంటి? మూడు నెలలు తుమ్మనివ్వలేదు వాడు. కానివ్వండి!”

అరవై మందీ దిగారు. గంటా నలభై నిమిషాలు మూడు కిలోమీటర్ల నేల దద్దరిల్లింది. మేడమ్ గేటు డబ్బాలోంచి తెప్పించుకున్న ఫోన్‌తో రప్పించిన బాంబు స్క్వాడ్ ఒక్కో గోతిలోంచి మందు పైకి తీసింది. నలభయ్యో గోతి ఖాళీ అయ్యాక ఉరుము కూలబడ్డాడు.

సాయంత్రం అక్క గుమ్మం తొక్కాడు. ట్రక్ మెషిన్ గీసిన కాగితం ఆమె ముందు పరిచాడు. దాని నిండా పిచ్చి పిచ్చి గీతలు.

“ఇదేంట్రా?”

“బావ మాట విన్నానక్కా. ఆలస్యంగా.”

ఆమె ఆ గీతల వెంట వేలు నడిపింది. తర్వాత అతని కాలికి కట్టు కట్టింది. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు చీఫ్ టేబుల్ మీద బురదకొట్టుకుపోయిన బూట్ల జత పడింది. ఒకదాని లేసు కొరికేసి ఉంది.

“ఎలా పనిచేశాయయ్యా?” అన్నాడు చీఫ్, ఫారం నింపుతూ.

“చాలా బాగా సార్. ఒక్క రెండు సెకన్లలో ఊరు మునిగిపోయేంత బాగా.”