సూర్యుడి గుడిలో రెండో చక్రం

కవిటి దాటి, జీడితోటల్లోంచి సముద్రం వైపు నడిస్తే ఇసక దిబ్బ మీద పాడుపడ్డ సూర్యుడి గుడి ఒకటి ఉంది. పొద్దు పొడవకముందు అటు వెళ్లే మొగోడు మా ఊళ్లో లేడు. ఆదివారం తెల్లారగట్ల లోపల రాతి రథం కదులుతుందట. గర్ర్... గర్ర్... రెండు చక్రాల చప్పుడు. మధ్యలో ఏడాది పైగా ఒక్క చక్రమే దొర్లుతోందనీ చెప్పుకున్నారు!

నా చదువు పదో తరగతే గానీ, ఆ గుడి గురించి అడిగితే పొద్దస్తమానం చెబుతాను. గంగరాజులు కట్టించారని పెద్దలనేవారు. గోడల కింద రాతి చక్రాలు, ముందు తలలు విరిగిన ఏడు గుర్రాలు. దేవుడు ఎప్పుడో పోయాడు, ఉత్త పీఠం మిగిలింది. ఆ శిల్పి లెక్క చూడండి మరి— రథసప్తమినాడు మొదటి ఎండ గడప దాటి, మండపం దాటి, తిన్నగా పీఠం మీదే పడుతుంది!

మా వీధి పోలారావు చేపల వేటకెళ్లే మనిషి. తుపానుకి బెదరడు గానీ ఆ గుడంటే జంకు. వాళ్లావిడ బొడ్డమ్మ కిడ్నీలు పాడై, డయాలసిస్‌కి పలాస తిరిగి తిరిగి చిక్కిపోయింది. నిరుడు రథసప్తమి ముందు అడిగిందట—

"మావా, ఒక్కపాలి నన్ను బండి మీద ఆ గుడికి తీసుకెల్లవా? పీఠం మీద ఎండ పడతంటే సూడాలనుంది."

"ఓలే, దెయ్యాల కొంపకా? మతి పోనాదేటి!"

బొడ్డమ్మ నవ్వింది. "దెయ్యాలు నన్నేటి సేత్తాయి మావా?"

అంతే. పండగ రాకముందే పోయింది.

ఈ ఏడు రథసప్తమి ఆదివారమే పడింది. పోలారావు ఒక్కడే లేచి, పిడకల మీద పరమాన్నం వండాడు. కాస్త మాడింది కూడా. దాన్ని చిక్కుడాకుల్లో పెట్టుకుని, ఆవిడ పేరున పీఠం మీద పెడదామని చీకట్లో బయల్దేరాడు.

దిబ్బ ఎక్కాడో లేదో— గర్ర్...

చటుక్కున ఆగాడు. మళ్లీ... గర్ర్... ఒక్క చక్రమే.

వెనక్కి తిరగబోయాడు. చేతిలో ఆకు వెచ్చగా తగిలింది. ముందుకే నడిచాడు.

గడప దగ్గర ఓ ఆడమనిషి... వంగి ఉంది. మొహం కనపడదు.

"బొడ్డమ్మా...?"

"ఎవులైతే ఏటి... రా, ఓ సెయ్యెయ్యి. పొద్దు పొడిసేత్తాది."

ఆకు కింద పెట్టి, పక్కన కూలబడి చేతుల్తో గడప మీది ఇసక తోడాడు. తల మాత్రం ఎత్తలేదు— చూస్తే మాయమైపోతుందేమోనని.

ఎండ వచ్చింది. గడప దాటింది... మండపం దాటింది... పీఠాన్ని తాకింది. అప్పుడు తిరిగి చూస్తే— జీడిపిక్కలు కొట్టే ముసలి సింహాచలమ్మ! చేతిలో డబ్బా రేకు.

పోలారావుకి నవ్వో ఏడుపో తెలీలేదు. "నువ్వేటి పిన్నీ! ఊరందర్నీ బెదరగొట్టింది నువ్వేనా?"

"గాలికి ఇసక గడపెక్కేత్తే ఎండ లోనికి పోదు నాయినా. ఆదివారం ఆదివారం గీకాల."

"మరి మునుపు రెండు సప్పుళ్లు ఇనపడేవి కదా?"

సింహాచలమ్మ లేచి లోపలికి వెళ్లింది. పీఠం వెనకనుంచి ఇంకో రేకు తెచ్చి అతని చేతిలో పెట్టింది. తుప్పు పట్టింది. చెయ్యి తెగకుండా అంచుకి గుడ్డ చుట్టి ఉంది... బొడ్డమ్మ పాత కోక చెంగు.

"నువ్వు యేటకెల్లాక వచ్చేది నాయినా. నీకు సెప్పొద్దంది... మా మావ జడుసుకుంటాడు పిన్నీ, అని."

ఈమధ్య ఆదివారాలు మళ్లీ రెండు చక్రాలూ దొర్లుతున్నాయండి.