నెయిల్ పాలిష్ చుక్కలు

పదకొండేళ్లుగా నేను ఒకే కంపెనీ లాప్‌టాప్‌లు వాడుతున్నాను. మా అక్క వాడేది పోటీ కంపెనీ లాప్‌టాప్. ఆరేళ్లలో దానికి జలుబు కూడా చేయలేదు. నాదేమో నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు సర్వీస్ సెంటర్ మెట్లెక్కింది.

"కాకి పిల్ల కాకికి ముద్దు. ఇకనైనా కంపెనీ మార్చరా" అనేది అక్క. నమ్మకమైన వాడుకరినని జబ్బలు చరుచుకుంటూ తిరిగేవాణ్ణి.

అసలు సంగతి సర్వీస్ సెంటర్‌లోని టెక్నీషియన్ అమ్మాయి. ఒక కీ పనిచేయడం లేదని మొదటిసారి వెళ్లినప్పుడు లోపలి దుమ్ము చూసి, "దీన్ని ఎక్కడ పెట్టుకుని వాడతారండీ?" అంది.

"మంచం మీద."

"ఇది లాప్‌టాపండీ, తలగడ కాదు."

తిడితే ప్రేమలో పడే మనిషి ఒకడుంటాడని నన్ను చూసుకున్నాకే తెలిసింది.

తొమ్మిదోసారి వెళ్లింది శనివారం. సోమవారం నుంచి ఆమెకు వేరే ఊరి బ్రాంచిలో డ్యూటీ.

"ఫ్యాన్ తిరగడం లేదండీ. పదకొండేళ్ల అనుభవంతో చెబుతున్నా, మీ కంపెనీకి నాణ్యత లేదు" అన్నాను గంభీరంగా.

ఆమె లాప్‌టాప్ తిరగేసి దీపం కింద పెట్టింది.

"నేను బిగించిన ప్రతి స్క్రూ మీదా నెయిల్ పాలిష్ చుక్క పెడతాను. ఎవరైనా విప్పితే పగులుతుంది. ఇక్కడ అన్నీ పగిలాయి. పైగా పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది దూర్చారు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఎందుకు విప్పారు?"

"ఏదో ఒకటి చెడిపోకపోతే మిమ్మల్ని చూడ్డం ఎలా? ఫ్యాన్ వైరు నేనే పీకాను. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేను."

"ఇంతకుముందు మూడుసార్లు కూడా మీరే కదా?"

"తెలుసా!"

"చుక్కలు అప్పుడూ పగిలాయి. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇవాళ కూడా ఊరుకుంటే సోమవారం వెళ్లిపోతాను కదా."

ఆమె తల వంచుకుని స్క్రూలు బిగిస్తూనే అంది.

"మొదట్లో ఆ కీబోర్డు మార్చడం పది నిమిషాల పని. పార్టు రాలేదని మిమ్మల్ని నాలుగుసార్లు తిప్పాను. అది మొదటిరోజు నుంచీ ఈ సొరుగులోనే ఉంది."

లెక్క చూసుకున్నాను. నాలుగు ఆమెవి, నాలుగు నావి. కంపెనీ తప్పు ఒక్క కీ. పాపం, దాన్ని ఎన్ని తిట్లు తిట్టానో!

రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో 'లోపం' అన్నచోట ఆమె తన ఫోన్ నంబర్ రాసిచ్చింది.

"లాప్‌టాప్ బాగున్నప్పుడు కూడా చేయండి."

బయటికి రాగానే అక్కకు ఫోన్ చేశాను.

"మీ కంపెనీ గొప్పదే అక్కా. కానీ ఆరేళ్లలో నీకు ఒక్క మనిషినైనా పరిచయం చేసిందా?"

అంతా విని అక్క ఒక్కటే అడిగింది. "ఆ అమ్మాయి ఇంట్లో ఏ కంపెనీది వాడుతుంది?"

ఆ సంగతి ఆమే ఓసారి మాటల్లో చెప్పింది కాబట్టి నిజం చెప్పక తప్పలేదు. "నీదే."

"తెలివైన పిల్ల. అమ్మతో నేను మాట్లాడతాలే" అని అక్క ఫోన్ పెట్టేసింది.