రెండు వందల నలభై ఒకటో అట్ట

2006 నవంబరు 14, మంగళవారం. ఆ మధ్యాహ్నం ఏజెంట్ యోహాను తిన్నది రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, చివర్లో గిన్నెడు పెరుగు. ఎన్నో మిషన్లు మరిచిపోయాడు గానీ ఆ భోజనాన్ని మరిచిపోలేదు. అబద్ధం చెప్పి తిన్న తిండి అది.

గద్వాలలో చీరలు నేసే చెన్నయ్య ఇల్లది. యోహాను పక్కన అతని భార్యగా కూర్చున్నది ఏజెంట్ పూజ. నీలం సిల్కు చీర, నుదుటి మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు. ఆమె సర్వీస్ ఫైల్లో ‘ఎక్స్‌లెంట్’ తప్ప వేరే మాట లేదు. ఇద్దరి కవర్ ఒకటే. విశాఖ ల్యాబ్‌లో డాక్టర్ ఉమతో పనిచేసే దంపతులు, చీర కొనడానికి వచ్చారు.

డాక్టర్ ఉమ చెన్నయ్య కూతురు.

“మా బిడ్డ మంచిగున్నదా సారూ?” రొట్టె వడ్డిస్తూ అడిగింది ఉమ తల్లి జములమ్మ. “మూడు దినాలాయె, ఫోన్ ఎత్తుతలేదు.”

“బాగుందమ్మా. పడవలో సముద్రం మీదికి వెళ్లింది. అక్కడ సిగ్నల్ ఉండదు.”

“నీళ్లల్ల జర పైలమని చెప్పుండ్రి,” అంటూ జములమ్మ అతని రొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేసింది.

యోహాను తల వంచుకుని తిన్నాడు.

క్రితం రోజు హైదరాబాద్‌లో చీఫ్ శ్రవణ్ కుమార్ ఇచ్చిన బ్రీఫింగ్ పది నిమిషాలు.

“స్పాంజి అంటే గిన్నెలు తోముకునేది కాదు. సముద్రంలో రాయికి అంటుకుని బతికే జంతువు. పారిపోలేదు, కరవలేదు. అందుకని ఒంట్లో విషం తయారు చేసుకుంటుంది. ఆ విషాల్లో మందుల కోసం ఉమ ఎనిమిదేళ్లుగా వెతుకుతోంది. పోయిన నెల ఒక కాంపౌండ్ దొరికింది. ఏ మందుకూ లొంగని టీబీ క్రిమిని ల్యాబ్‌లో చంపింది.”

“ఎంత ఉంది సర్?”

“చిటికెడు. టెస్టులకే అయిపోయింది. ఆ స్పాంజి ఎక్కడ దొరికిందో ఉమకు ఒక్కదానికే తెలుసు. విదేశీ ముఠా ఒకటి ఆమె వెంట పడింది. వాళ్ల చేతికి చిక్కితే పేటెంట్ వాళ్లది. సముద్రంలో ఆ స్పాంజి అంటుకున్న రాతిదిబ్బను గీకి ఖాళీ చేస్తారు. ల్యాబ్ కంప్యూటర్లోకి ఎవరో దూరారని పసిగట్టి ఉమ లొకేషన్ చెరిపేసింది. పుట్టింట్లో దాచి వస్తుంటే మానవపాడు దగ్గర కారుతో గుద్దించారు. కర్నూలు ఆసుపత్రిలో ఉంది, స్పృహ లేదు. అంబులెన్స్‌లో రెండే మాటలు అంది. ‘నాన్న మగ్గం, అట్టలు.’”

చీర అంచున బొమ్మ పడాలంటే మగ్గం పైన బెజ్జాలు కొట్టిన అట్టలు గొలుసులా తిరగాలి. బెజ్జాన్నిబట్టి దారం లేస్తుంది. ఉమ అక్షాంశాన్నీ రేఖాంశాన్నీ బెజ్జాలుగా కొట్టి, ఆ అట్టను గొలుసులో కలిపిందని డిపార్ట్‌మెంట్ అంచనా.

“ఆమె అమ్మానాన్నలకు చెప్పారా?”

“చెబితే ఇంటికి తాళం వేసి కర్నూలు పరిగెత్తుతారు. ముఠా అలర్ట్ అవుతుంది. పని కానివ్వు. ఫోన్లో కోడ్ వర్డ్, చీర.”

భోజనాలయ్యాక చెన్నయ్య గుంత మగ్గంలో కూర్చుని కాళ్లాడించాడు. అట్టలు టకటకా తిరిగాయి. అంచు మీద హంసలు ఒక్కొక్క పోగుగా లేచాయి. పూజ లిప్‌స్టిక్ తీసి పెదవుల దగ్గర పెట్టుకుంది. అందులోని కెమెరా ప్రతి అట్టనూ ఫోటో తీసింది.

“చీఫ్‌కు రిపోర్ట్ చేసొస్తా,” అని గుసగుసగా చెప్పి బయటికి నడిచింది.

ఆ వెంటనే కారు స్టార్టయిన చప్పుడు. యోహాను ఫోన్ మోగింది.

“చీర దొరికిందా?” అన్నాడు చీఫ్.

“పూజ చెప్పలేదా సర్?”

“నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు.”

రిపోర్ట్ చేస్తానని చెప్పి, ఫోన్ చెయ్యకుండా ఫోటోలతో కారెక్కి పోయింది. పూజ ముఠా మనిషి. చేతి గడియారం బటన్ నొక్కాడు. కారులోని ట్రాకర్ ఎర్రచుక్కగా బీచుపల్లి వైపు కదులుతోంది.

“ఏమైంది సారూ, మీ ఇంటామె గట్ల ఒక్కతే పోయె?” చెన్నయ్య గుంతలోంచి లేచాడు.

“ఒంట్లో బాగాలేదు, దవాఖానకు...” ఇంకో అబద్ధం.

“అయ్యో! నా మోపెడ్ తీస్కపో. బ్రేకులు సరిగ పట్టవు, జర సూస్కో.” తాళంచెవి అతని చేతిలో పెట్టాడు చెన్నయ్య.

బీచుపల్లి వంతెన మీద పోలీసులు చెక్‌పోస్టు పెట్టారు. అందుకే పూజ కారును ఒడ్డునే వదిలి పుట్టి ఎక్కింది. యోహాను చేరేసరికి ఆ గుండ్రటి బుట్టపడవ కృష్ణలో ఇరవై గజాల దూరంలో ఉంది. అందులో పూజ, ఒక తెల్లవాడు, తెడ్డు వేస్తూ పుట్టి నడిపే బాలమ్మ. అవతలి ఒడ్డున, వనపర్తి వైపు, ఇంకో కారు సిద్ధంగా ఉంది. తెల్లవాడు ఒళ్లో ల్యాప్‌టాప్, శాటిలైట్ ఫోన్ పెట్టుకుని ఫోటోలు పంపుతున్నాడు.

యోహాను ఫోన్, కాగితాలు ఒడ్డున పడేసి నీళ్లలోకి దూకాడు.

“స్టాప్, యోహాన్!” పూజ లేచి నిలబడి పిస్టల్ గురిపెట్టింది. “ఇంకొక్క అడుగు ముందుకొస్తే షూట్ చేస్తా.”

“నైన్టీ సిక్స్ పర్సెంట్,” అన్నాడు తెల్లవాడు.

“ఏందమ్మా గిది? నా పుట్టిల తుపాకి దీస్తవా?” అంది బాలమ్మ.

“నోరు మూసుకుని తెడ్డు వెయ్యి!”

“నైన్టీ ఎయిట్...”

“ఏస్త. ఇగో, ఏస్త!” బాలమ్మ తెడ్డును ఒక్క పక్కనే లోతుగా దించి బలంగా లాగింది.

పుట్టి బొంగరంలా తిరిగింది. పిస్టల్ ఆకాశంలోకి పేలింది. “నైన్టీ నై...” అంటుండగానే తెల్లవాడు, అతని వెనకే ల్యాప్‌టాప్, దాని వెనక పూజ వరసగా నీళ్లలో పడ్డారు. బాలమ్మ మాత్రం కూర్చున్నచోటే ఉంది.

“పుట్టిల నిలవడొద్దని చిన్నపోరలకు గూడ ఎరుకనే,” అంది.

చెక్‌పోస్టు కానిస్టేబుళ్లు ఇద్దరినీ ఒడ్డుకు లాగి బేడీలు వేస్తుంటే పూజ తడి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వింది.

“నువ్వూ గెలవలేదు. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ రెండుసార్లు చెక్ చేసింది. నమ్మకం కుదరకే ఫోటోలు మావాళ్లకు పంపుతున్నాం. రెండు వందల నలభై అట్టలు, అన్నీ హంసవే. వేరే అట్ట ఒక్కటీ లేదు.”

యోహాను తడి బట్టలతోనే గద్వాల తిరిగి వచ్చాడు. చెన్నయ్య ఇంకా మగ్గం మీదే ఉన్నాడు.

“ఉమ మీ గొలుసులో ఏదైనా అట్ట కలిపిందా?”

చెన్నయ్య కాళ్లు ఆగాయి. “నీకెట్ల ఎరుక? ఆమె పోయిన దినమే హంస మెడ వంకర వడ్డది. బొమ్మ చెడ్డంక గట్లనే నేస్తనా? తీసేసిన.”

“ఎక్కడుంది?”

“ఉన్నది. బెజ్జం చూస్తనే తెల్సింది, నా బిడ్డ చేతిదని. ఆమె వచ్చినంక రెండు తిట్లు తిట్టి ఆమెకే ఇస్త. వేరేటోళ్లకియ్య.”

యోహాను దగ్గర సెర్చ్ వారంట్ ఉంది, రివాల్వర్ ఉంది. రెండింటి వైపూ అతని చెయ్యి పోలేదు. మగ్గం గుంత అంచున కూలబడి అంతా చెప్పాడు. మానవపాడు, కారు, కర్నూలు. చెబుతున్నంతసేపూ తన కాలి బొటనవేలినే చూశాడు.

గుమ్మం పట్టుకుని నిలబడిన జములమ్మ ఏడవలేదు.

“నా చేతి రొట్టె తినుకుంట బిడ్డ మంచిగున్నదంటివి గద సారూ.”

యోహాను ఫోన్ తీసి, కర్నూలు వెళ్లడానికి జీపు పంపమన్నాడు.

చెన్నయ్య గుంతలోంచి పైకొచ్చి, కూర్చునే చాప కింద నుంచి అట్ట తీసి అతని ఒళ్లో వేశాడు. “మద్యాన్నం గీ మాట జెప్తే మద్యాన్నమే ఇస్తుంటి. బిడ్డకన్న అట్ట ఎక్కువనా నాకు?”

డిపార్ట్‌మెంట్ జీపు ముగ్గురితో రాత్రి ఏడు గంటలకు కర్నూలు చేరింది. నర్సు ఎదురొచ్చి చెప్పింది. “సాయంత్రం స్పృహ వచ్చింది. అమ్మా అని రెండుసార్లు పిలిచింది. పలకడానికి ఎవరూ లేరు.”

యోహాను వార్డు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల చెన్నయ్య బిడ్డను తిడుతున్నాడు, గొంతు మాత్రం తిడుతున్నట్టు లేదు. ఉమ నీరసంగా నవ్వింది.

కాసేపటికి జములమ్మ బయటికి వచ్చి అతని పక్కన ఒక తువ్వాల పెట్టింది. “తల తుడుసుకో. జరమొస్తది.”

ఫోన్ మోగింది.

“కంగ్రాట్స్! చీర దొరికిందటగా,” అన్నాడు చీఫ్. “రిపోర్ట్‌లో ఏం రాస్తున్నావ్?”

“నిజం చెప్పి ఉంటే మధ్యాహ్నం రెండింటికే దొరికేదని రాస్తాను సర్.”

చీఫ్ ఫోన్ పెట్టేస్తూ అన్నాడు. “అది క్లాసిఫైడ్.”

జములమ్మ లోపలికి వెళ్లి, బిడ్డకు రాత్రి చలిగాలి తగలకుండా చప్పుడు చెయ్యక తలుపు వేసింది. బయట బల్ల మీద అతనున్నాడని గడియ మాత్రం పెట్టలేదు.