ఆమేన్ దాకా

అక్షరాలు కోడి గీతల్లా ఉంటే ఏమీ అనుకోకండి. ఎడమచేత్తో రాయడం నాకు అలవాటు లేదు.

నేనొక చిన్న రేడియో స్టేషన్‌లో పనిచేస్తాను. స్టేషనంటే పెద్దగా ఊహించుకోవద్దు. మందుల షాపు పైన రెండు గదులు, మధ్యలో ఒక అద్దం. అద్దానికి అటువైపు మాట్లాడేవాళ్ళు కూర్చుంటారు, ఇటువైపు రికార్డింగ్ యంత్రం ముందు నేను. గోడలకి అట్టలు, పాత దుప్పట్లు కొట్టాం. కిటికీ తెరవకూడదు, ఫ్యాన్ వెయ్యకూడదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి కింద షాపు మందుల వాసన, మా చెమట వాసన కలిసి అదొక ఆస్పత్రిలా ఉంటుంది.

రోజూ సాయంత్రం ఆరున్నరకి అయ్యగారి ప్రార్థన కార్యక్రమం. అయ్యగారంటే పాస్టరుగారు. ఆయన మధ్యాహ్నం రికార్డు చేసి వెళతారు. నేను దగ్గులూ ఆయాసాలూ కోసేసి సాయంత్రం వదులుతాను. ఆరూ నలభై అయిదుకి వార్తలు కాబట్టి ఒక్క సెకను కూడా దాటకూడదు. అయ్యగారికేమో దేవుడి మాట మొదలుపెడితే గడియారం కనపడదు. అందుకే నన్ను ఆటపట్టిస్తుంటారు. "ఇవాళ నన్నెంత కోస్తావు, కత్తెరమ్మా?" అంటూనే లోపలికొస్తారు.

ఆయన భక్తి నాకు పెద్దగా అంటలేదు. కానీ వచ్చే ఉత్తరాలు చదివితే మనసు ఊరుకునేది కాదు. చర్చిదాకా నడవలేనివాళ్ళు, కాపలా ఉద్యోగాలవాళ్ళు, మంచం దిగనివాళ్ళు. వాళ్ళకి ఆ పావుగంటే ఆదివారం. వాళ్ళకోసం అయ్యగారు చివర్లో ఒక మాట చెబుతారు. "మీ కుడిచెయ్యి రేడియో మీద పెట్టండి. నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్ అనేదాకా చెయ్యి తియ్యకండి."

మా బుజ్జి కూడా పెడుతుంది. ఏడేళ్ళది. మా ఇల్లు స్టేషన్‌కి మూడు వీధుల అవతల. ఆ వేళకి అది ఒక్కతే ఉంటుంది, పక్కింటి అత్తయ్య ఒక కన్నేసి ఉంచుతుంది. బుజ్జి లెక్కలో ఆమేన్ అంటే అమ్మ బయల్దేరిందని.

ఉత్తరాలు రాసేవాళ్ళలో ఒక పెద్దావిడ ఉండేది. పేరు రాసేది కాదు, కింద "కుట్టుమిషను ఆవిడ" అని పెట్టేది. ఒంటరి మనిషి, చూపు తగ్గుతోంది. ఆమె ఆఖరి ఉత్తరం ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. "మీరు ఆమేన్ అనేదాకా, పొయ్యి మీద పాలు పొంగినా నేను చెయ్యి తియ్యను అయ్యగారూ. తెగినదాన్ని అతికేదాకా మిషను దగ్గర్నుంచి కూడా లేవను. నా కళ్ళకోసం ప్రార్థన చెయ్యండి."

పోయిన మంగళవారం అయ్యగారు ఆమె కోసమే ప్రార్థించారు. లీనమైపోయి నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకున్నారు. ముందురోజంతా బుజ్జికి జ్వరం, నాకు నిద్రలేదు. మొదట్నుంచి వెతికి కోసే ఓపిక లేక చివర తోక కత్తిరించేశాను. "...అడుగుచున్నాము తండ్రీ" దగ్గర సంగీతం పైకి లేపాను. ఆమేన్ పోయింది. ఎవరికి వాళ్ళు మనసులో అనుకుంటార్లే అనుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి బుజ్జి ఇంకా రేడియో మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వార్తలు వస్తున్నాయి. "ఆమేన్ రాలేదమ్మా," అంది. నేనే ఆమేన్ అనేసి, దాని చెయ్యి తీసి, అన్నం పెట్టాను. ఆ పని చెయ్యడానికి కుట్టుమిషను ఆవిడ ఇంట్లో ఎవరూ లేరని నాకు తట్టనే లేదు.

బుధ, గురువారాలు అయ్యగారు రాలేదు, పాత కార్యక్రమాలే వదిలాను. శుక్రవారం వచ్చారు. కత్తెరమ్మా అనలేదు. కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నారు.

"కుట్టుమిషను ఆవిడ పోయిందమ్మా. మంగళవారం సాయంత్రమేనట. బుధవారం పొద్దున చూశారు. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే... రేడియో మీద చెయ్యి."

నా చూపు బల్ల మీది ఆమె ఉత్తరం మీదికెళ్ళింది.

"వేళ్ళు బిగుసుకుపోయాయి. విరిస్తే తప్ప రావన్నారు. నేనే వద్దన్నాను. రేడియోతో పాటే పెట్టెలో పెట్టాం. నిన్న సాయంత్రం గోతిలోకి దించుతుంటే..." ఆయన నీళ్ళు తాగారు. "ఆరున్నరయింది. పెట్టెలోంచి నా గొంతే నాకు వినపడింది."

"రేడియో ఆపలేదా?"

"మీట ఆవిడ వేళ్ళ కిందే ఉండిపోయింది. అప్పటిదాకా చప్పుడు లేకపోతే బ్యాటరీలు అయిపోయాయనుకున్నాం."

"ఆమేన్ వినపడిందా అయ్యగారూ?"

"వినపడింది. ఆ తర్వాత వార్తలు రావాలి కదా. రాలేదు. తండ్రీ... తండ్రీ... ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ. మట్టి పోస్తున్నా ఆగలేదు. రేడియో అలా ఒక మాట దగ్గర ఇరుక్కుంటుందా తల్లీ?"

ఇరుక్కోదు. ఇరుక్కోవడానికి రేడియోలో ఏమీ ఉండదు, ఆ పని నాకు తెలుసు. కోసింది నేనేనని మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను. భయం కంటే సిగ్గే ఎక్కువేసింది.

నేను కోసిన ముక్కలు పారెయ్యను. కంప్యూటర్లో తుక్కు అని పేరుపెట్టి దాచుకుంటాను. వెతికితే మంగళవారం ముక్క దొరికింది. నాలుగు సెకన్లు. ఆ సాయంత్రం ప్రార్థన అయిపోగానే దాన్ని వదిలేస్తే ఆవిడ బాకీ తీరిపోతుందనుకున్నాను. ముందు పాట కాస్త తగ్గించి చివర చోటు చేశాను.

ఆరున్నరకి కార్యక్రమం మొదలైంది. నేనొక్కదాన్నే ఉన్నాను. కూర్చోలేకపోయాను, లేవలేకపోయాను. కుర్చీ జరిపితే చప్పుడు, ఊపిరి తీస్తే చప్పుడు. ఆరూ నలభై నాలుగుకి ఫోన్ మోగింది.

"అమ్మా..." బుజ్జి. గుసగుసగా.

"ఏంటమ్మా? రేడియో దగ్గరున్నావా?"

"ఊఁ. ఎడమచేత్తో ఫోన్ చేశా. కుడిచెయ్యి రావట్లేదు."

"ఎందుకు రావట్లేదు?"

"పైన అవ్వ చెయ్యి ఉంది."

"ఏ అవ్వ?"

"మనిషి కనపడట్లేదమ్మా. చెయ్యే. చల్లగా... మట్టి వాసన. మిషను నూనె వాసన."

హెడ్‌ఫోన్స్‌లో అయ్యగారు ముగిస్తున్నారు. "...అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్."

"ఆమేన్ వచ్చింది కదా బుజ్జీ. తియ్యి."

"ఊఁ... ఊఁ," అంది. ఎవరో దానికి చెబుతుంటే వింటున్నట్టు.

"ఇది తనది కాదంట."

వార్తలకి ఇంకా ఏడు సెకన్లు. నా వేలు మీట తప్పింది. ఆరు. మళ్ళీ నొక్కాను. మంగళవారం ముక్క కదిలింది... ముందు అయ్యగారి ఊపిరి... తర్వాత ఆ మాట.

"ఆమేన్."

ఫోన్‌లో రెండు గొంతులు దాన్ని తిరిగి అన్నాయి. ఒకటి బుజ్జిది.

"వదిలేసిందమ్మా," అంది బుజ్జి.

మూడు వీధులూ చెప్పుల్లేకుండా పరుగెత్తాను. బుజ్జి మంచం మీద కూర్చుని కాళ్ళూపుతోంది. దాని చెయ్యి వెనకా ముందూ చూశాను. ఏమీ లేదు. గుండెకి హత్తుకుని ఏడ్చేశాను.

"వెళ్ళేటప్పుడు ఒకటి అడిగింది," అంది బుజ్జి. "ఎవరు కోశారు అని."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మ అన్నాను. నిన్నే కదా కత్తెరమ్మ అంటారు."

ఇవాళ శనివారం. మధ్యాహ్నం అయ్యగారికి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "నీ కోసమే ప్రార్థన చేస్తాను, రికార్డు చెయ్యి. నువ్వూ అందరిలాగే చెయ్యి పెట్టు తల్లీ, మనసు తేలికవుతుంది," అన్నారు. నేను ఇటువైపు నా యంత్రం మీద కుడిచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నిజంగా అడిగాను.

"...అడుగుచున్నాము తండ్రీ..."

అక్కడ ఆగిపోయారు. కళ్ళు తెరిచాను. ఆయన అద్దంలోంచి నా చేతికేసి చూస్తున్నారు.

"అనండి అయ్యగారూ."

అనలేదు. కుర్చీ పడింది. మెట్ల మీద అడుగులు... వీధి తలుపు... అంతే.

అప్పట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు. ఆమేన్ నేనే పదిసార్లు అన్నాను. కోసినదాని నోటితో అంటే చెల్లదు కాబోలు. ఇప్పుడు ఆరూ ఇరవై అయిదు. పక్కింటి అత్తయ్యకి ఫోన్‌లో చెప్పి బుజ్జిని వాళ్ళింటికి తీసుకెళ్ళమన్నాను. ఇవాళ్టి రికార్డు పక్కన పెట్టి, ఆమేన్ ఉన్న పాత కార్యక్రమం ఎక్కించాను. రెండుసార్లు విని చూసుకున్నాను. నా బిడ్డకి ఏ భయమూ లేదు.

నా కుడిచెయ్యి మాత్రం యంత్రం మీదే ఉంది. నొప్పి లేదు, చల్లగా ఉందంతే. బల్ల కింద ఎవరో మిషను తొక్కుతున్న చప్పుడు. వంగి చూస్తే ఆగుతుంది. రాయడం మొదలుపెడితే మొదలవుతుంది.

ఇప్పుడే చూశాను. చూపుడు వేలికీ, కింద యంత్రానికీ మధ్య తెల్లదారం. రెండో వేలికి కూడా వచ్చింది. చిన్న చిన్న కుట్లు, దగ్గర దగ్గరగా, ఒక్కటీ వంకర పోలేదు.

ఆవిడకి చూపు వచ్చేసినట్టుంది.