కంప్యూటర్లో కనపడని కబురు

ఎజ్రా మాస్టారు పరుగెడుతున్నాడు.

అరవై రెండేళ్ళ మోకాళ్ళు. కాళ్ళకి తోలు చెప్పులు. నెత్తిన ఎర్ర కుచ్చుటోపీ... క్రిస్మస్ తాత టోపీ!

తెనాలి సందుల్లో కుక్కలు కూడా, పెద్దాయన అర్జెంటు పనిమీద పోతున్నాడని మొరగడం మానేసి దారిస్తున్నాయి.

వెనక కారు హారను.

"మాస్టారండీ... పాట సగంలో వదిలేసి ఎక్కడికండీ?"

బాబీ. క్వయర్లో డ్రమ్స్ కొట్టే బాబీ.

పావుగంట కిందట కరోల్స్ వ్యాన్ వెనక సీట్లో వాడు ఫోన్లో గుసగుసలాడటం మాస్టారు విన్నాడు.

"తెల్లారేలోపు దొరుకుతాడు ప్రతాపన్నా. అజయ్ గాడు రేపు కోర్టు మెట్లెక్కడు."

అజయ్ బాబు మాస్టారి మేనల్లుడు. ఇసుక రేవులో ప్రతాప్ ఒక మనిషిని పొడిచి ఏట్లోకి తోసెయ్యడం కళ్ళారా చూశాడు. రేపు పదింటికి ఆ సంగతి జడ్జిగారి ముందు చెప్పాలి.

చెప్పాలంటే అప్పటిదాకా బతికుండాలి.

బాబీ తల తిప్పాడు. చూపులు కలిశాయి.

మాస్టారు నడుస్తున్న వ్యాన్లోంచి దూకేశాడు. ముందు ఫోను నేలకి తగిలింది. తర్వాత మాస్టారు.

ఫోన్ స్క్రీన్ నల్లబడింది. వేలు పెడితే ఉలకదు, పలకదు. ప్రాణం మాత్రం ఉంది. జేబులో గుర్రుగుర్రుమని వణుకుతోంది.

వెనక, బాబీ ఎక్కిన ప్రతాప్ కారు. సందు చివర వెలుతురు. సగం దించిన షట్టరు.

హెలెన్ డీటీపీ సెంటర్!

మాస్టారు వంగి లోపలికి దూరాడు. షట్టరు మొత్తం కిందికి లాగేశాడు.

"ఏంటి మాస్టారూ... ఈ ఏడు నేనొక్కదాన్నే కరోల్స్ వినాలా?" హెలెన్ ఒకప్పుడు ఆయన స్టూడెంటు. ఆమెని భయపెట్టడం ఎవరివల్లా కాదు.

"పాటల కాగితాలు ప్రింటు తీయడానికి నా 'పిలుపు' యాప్ నీ కంప్యూటర్లో పెట్టావు కదా. ఇంకా ఉందా?"

"ఉందండి."

"తియ్."

తీసింది. కొండమ్మ పేరు కనపడింది. మాస్టారి గుండె కాస్త కుదుటపడింది.

కొండమ్మది పెనుమూడి. తల్లి పోతే మాస్టారిని పాలుపట్టి పెంచింది. చుట్టరికం ఏమీ లేదు. అందుకే చుట్టాల ఇళ్ళన్నీ గాలిస్తున్న ప్రతాప్ మనుషులకి ఆవిడ ఊసే తెలీదు. అజయ్ అక్కడే ఉన్నాడు.

"మైకు గుర్తేదమ్మా? ఆవిడకి చదువు రాదు. ఫోను అజయ్ చేతికీ ఇవ్వదు. నోటితో చెప్పాలి."

"కంప్యూటర్ దాంట్లో మైకు ఉండదండి. ఫోన్లోనే."

"కాల్ చెయ్యి."

"అదీ లేదండి."

"మరి ఇందులో ఏముందే?"

"టైపు కొట్టుకోవచ్చండి. పువ్వుల బొమ్మలు పంపొచ్చు. గులాబీ పంపనా?"

మాస్టారికి ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. అదే కంపెనీ, అదే యాప్. ఫోనుకేమో పెళ్ళి భోజనం. కంప్యూటర్‌కి ఉత్త విస్తరాకు.

"నంబరు చెప్పండి, నా ఫోన్లోంచి చేస్తా."

నంబరు నల్లబడ్డ స్క్రీన్ వెనకాల ఉంది. కంప్యూటరేమో పేరు చూపిస్తుంది గానీ నంబరు చూపించదు.

"పోలీసులకి చెబుదామండీ."

"మొన్న ఒకసారి చెప్పాం. గంటకల్లా ప్రతాప్ మనుషులు అప్పుడు అజయ్ దాక్కున్న ఇంటి తలుపు తట్టారు. వీళ్ళ కన్నా నేనే ముందు వెళ్ళాలి."

బయట కారు ఆగింది.

తలుపు వేసిన చప్పుడు... అడుగులు...

హెలెన్ లైటార్పింది. స్క్రీన్ వెలుగులో మాస్టారి మొహం నీలంగా ఉంది.

ఆయనకి ఒక ఆలోచన తట్టింది. క్వయర్ గ్రూపు! బాబీ అందులో ఉన్నాడు.

గ్రూపు తెరిచాడు. అన్నిటికంటే కింద, తన పేరు మీదే, ఒక బూడిదరంగు గీత. 'ఈ కబురు కంప్యూటర్లో కనపడదు. ఫోన్లో చూసుకోండి.' టైము అయిదూ పది.

ఏదో ఫొటో అయుంటుందిలే.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు కొట్టాడు. 'అజయ్ బాబు క్షేమంగా బాపట్ల చేరాడు. కొండమ్మా, ప్రార్థించు.' కొండమ్మ పేరు బాబీ చదువుతాడని తట్టి, వేళ్ళు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. ఆ పేరు చెరిపేసి మిగతాది పంపాడు. దొంగ ప్రార్థన. దేవుడితో తర్వాత మాట్లాడుకోవచ్చు.

బయట అడుగులు ఆగాయి.

"అన్నా... బాపట్లంట," బాబీ గొంతు. "ముసలోడు గ్రూపులో పెట్టాడు."

తలుపు చప్పుడు. కారు కదిలింది. షట్టరు సందులోంచి చూశాడు మాస్టారు. తెల్లకారు పొన్నూరు రోడ్డు పట్టింది. బాపట్ల దారి!

"హెలెనూ, నీ స్కూటీ తాళం ఇవ్వమ్మా."

"బ్రేకు సరిగ్గా పడదండి."

"నాక్కూడా ఆగే పని లేదులే."

వేమూరు... భట్టిప్రోలు... రేపల్లె...

మంచు ఎంత చిక్కగా ఉందంటే, గిన్నె పడితే పెరుగులా తోడుకునేలా ఉంది. మాస్టారు ఆ మంచుని చీల్చుకుంటూ పోతున్నాడు. జేబులో ఫోను గుర్రుమంటూనే ఉంది. ప్రతి గుర్రుకీ ఉలిక్కిపడుతున్నాడు.

పెనుమూడి. కట్ట దిగువన కొండమ్మ ఇల్లు.

తలుపు తీసే ఉంది. కొండమ్మ నులకమంచం మీద కూర్చునుంది. ఎనభై దాటిన మనిషి. కాళ్ళు నడవనివ్వవు. పక్కన అజయ్.

"వచ్చావా నాయనా. కాళ్ళు కడుక్కో. పులస లేదు గానీ, ఎండు రొయ్యలు వంకాయలో వేశాను."

"తినే టైము కాదత్తా."

"తినకుండా పొయ్యేటంత గొప్పోడివయ్యావా? ఒరే అజయ్, మీ మావయ్యకి వడ్డించు."

మాస్టారు లెక్కేసుకున్నాడు. వాళ్ళు బాపట్ల వెళ్ళాలి. వీధి వీధీ వెతకాలి. తెల్లారిపోతుంది. చీకటితోనే అజయ్‌ని తీసుకుని వంతెన దాటెయ్యచ్చు.

పీట మీద కూర్చున్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. మూడోసారి కొండమ్మ ఒట్టుపెట్టింది. అరగంట గడిచింది.

చెయ్యి కడుక్కుంటుంటే ఒక సంగతి తట్టింది. చెంబులో నీళ్ళు అలాగే కారిపోతున్నాయి.

అన్నం వేడిగా ఉంది.

"అత్తా... నేనొస్తున్నానని నీకెలా తెలుసు?"

కొండమ్మ బోసినోటితో నవ్వింది. దిండు కింద నుంచి ఫోను తీసింది.

"అక్షరాలు రావు గానీ బొమ్మ చూడ్డం రాదా? మీ పాటల గ్రూపులో నన్నూ చేర్చావుగా. సాయంత్రం నుంచీ నీ బొమ్మ తెనాలంతా తిరిగింది. ఒకచోట ఆగింది. తర్వాత సూటిగా ఇటే వచ్చింది. ఏడాదికోసారి నువ్వే నొక్కుతావుగా అబ్బాయ్, వ్యాన్ ఎక్కగానే... ఏ ఇంటికి ఎప్పుడొస్తారో తెలిస్తే టీ పెట్టి ఉంచుతారని."

ఫోన్లో మ్యాపు. ఏటి ఒడ్డున, క్వయర్ గౌనులో నవ్వుతున్న ఎజ్రా మాస్టారు. చుట్టూ పచ్చటి వలయం. వెలుగుతూ... ఆరుతూ...

అయిదూ పది. బూడిదరంగు గీత.

లైవ్ లొకేషన్!

కంప్యూటర్‌కి చూపించడం రాని ఆ ఒక్కటీ గ్రూపులో అరవై మంది ఫోన్లలో కనపడుతోంది. బాబీ ఫోన్లో కూడా.

"ఏట్లో పారెయ్ మావయ్యా," అన్నాడు అజయ్.

"పారేస్తే ఇక్కడే ఆగిందని తెలిసిపోద్ది. ఇది కదలాలిరా. వాళ్ళు దీని వెనక రావాలి." మాస్టారు అప్పటికే స్కూటీ మీద ఉన్నాడు. "దీపం ఆర్పండి. తలుపెయ్యండి. ఏం జరిగినా కదలొద్దు."

"నువ్వు?"

"నేను క్వయర్ లీడర్నిరా. నా వెనక రావడం వాళ్ళకి అలవాటే."

వంతెన ఎక్కాడు. కింద కృష్ణ నల్లగా ఉంది.

దూరంగా రేపల్లె వైపు నుంచి రెండు లైట్లు.

వస్తున్నాయి... వేగంగా వస్తున్నాయి...

రండిరా. మాస్టారు కావాలనే నెమ్మదిగా నడుపుతున్నాడు. జేబులో ఫోను గుర్రుమంది. మొదటిసారి ఆ చప్పుడు ఆయనకి ముద్దొచ్చింది.

లైట్లు వంతెన మొదట్లోకి వచ్చాయి.

ఆగాయి.

ఒక్క క్షణం... రెండు...

ఎడమకి తిరిగాయి. కట్ట దిగువకి.

కదిలే బొమ్మ ఎవడిక్కావాలి? వాళ్ళు చూసింది ఆగిన బొమ్మని. అరగంట. ఒకే ఇంటి దగ్గర. మూడుసార్లు వడ్డించుకున్నంతసేపు.

స్కూటీ తిప్పాడు. బ్రేకు పడలేదు. రెయిలింగుకి గుద్దుకుని పడ్డాడు.

లేచాడు. కుంటుతూ పరుగెత్తాడు.

కదలొద్దన్నాడు. కదలరు. వాళ్ళిద్దరూ ఆయన మాట జవదాటరు.

"అజయ్! పరుగెత్తరా!"

ఢామ్!

ఏటి మీద కొంగలు ఒక్కసారిగా లేచాయి.

కట్ట దిగువన మళ్ళీ చీకటి. మళ్ళీ నిశ్శబ్దం.

జేబులో ఫోను గుర్రుమంది.